ఖాళీ స్థలంలో సొరపాదు

జూన్ 11

అక్కకి,

నేను బాగానే ఉన్నాను, మోకాలు తప్ప. వేళకి తింటున్నాను. ఈ రెండూ ముందే రాస్తున్నాను, లేకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవు.

సినిమా హాలు మూసేశాక రోజంతా ఏం చేస్తున్నావని అడిగావు. ఏం చేస్తాను. ఇన్నేళ్ళూ చీకట్లో టార్చిలైటు వేసి జనానికి సీట్లు చూపించినవాణ్ణి. పగటి పూట ఏం చేయాలో నాకు తెలియలేదు. వీధులు తిరిగాను. ఒక ఆదివారం తిరుగుతుంటే వాన పట్టుకుంది. ఎదురుగా ఒక హాలు తలుపు తీసి ఉంది, దూరాను. అది ఉద్యానాభిమానుల సంఘం వాళ్ళది. ఉద్యానం అంటే తోటే. ఏదో ఉపన్యాసం మొదలవబోతోంది, జనం వస్తున్నారు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. అలవాటైన చెయ్యి ఊరుకోదుగా. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు కుర్చీలు చూపించాను. వాళ్ళూ బుద్ధిగా వెళ్ళి కూర్చున్నారు. అంతా అయ్యాక కార్యదర్శి గారు వచ్చి నా భుజం తట్టి, "మీలాంటి కార్యకర్తలే సంఘానికి వెన్నెముక" అన్నారు. నేను సభ్యుణ్ణి కానండీ అని చెప్పబోయాను. ఈలోపు చేతికి టీ ఇచ్చారు. టీ తాగేశాక ఎలా చెప్తాం? అలా సభ్యుణ్ణయ్యాను.

ప్రతి ఆదివారం ఒకరు మాట్లాడతారు. పోయిన వారం ఒకాయన నీటి పొదుపు మీద రెండు గంటలు మాట్లాడారు. అంతసేపూ హాలు పక్కన కుళాయి కారుతూనే ఉంది. లేచి కట్టేద్దామనుకున్నాను. లేస్తే అందరూ నన్నే చూస్తారు. కూర్చుండిపోయాను. అంతకు ముందు వారం ఎరువు మీద మాట్లాడినావిడ, ఎరువు అన్నప్పుడల్లా ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. వేదిక మీద కుండీల్లో గులాబీలున్నాయి. ప్లాస్టిక్‌వి. వాటిని సబ్బు పెట్టి కడుగుతారు. మంచి పార కూడా ఒకటి ఉంది. మన్ను అంటుకుంటుందని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

కుర్చీలు మెత్తగా ఉంటాయి. నన్నెవరూ మాట్లాడమని అడగరు. అందుకే వెళ్తున్నాను.

ఇంకొక సంగతి. హాలు వెనక కాస్త ఖాళీ స్థలం ఉంది, సంఘానిదే. దాన్ని ఆనుకున్న సందులోనే, మేడమీద, నా గది. ప్రహరీ గోడ ఒకచోట కూలి ఉంది, మనిషి దూరొచ్చు. పోయినసారి నువ్విచ్చిన సొర గింజలు, చిక్కుడు గింజలు గూట్లో పడున్నాయిగా. వాన పడ్డ మర్నాడు తీసుకెళ్ళి అక్కడ నాటాను. తవ్వడానికి ఏమీ లేక వంటగరిటె వాడాను. మొలిచాయి. ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇంతే.
తమ్ముడు

జూన్ 19

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేక, రెండోసారి నమ్మకం లేక. నువ్వు! సంఘంలో! చిన్నప్పుడు మేష్టారు హాజరు పిలిస్తే "ఉన్నానండి" అనడానికి సిగ్గుపడి, ఏడాదంతా బడికి రానట్టే రాయించుకున్న మహానుభావుడివి. ముందు బెంచీలో కూర్చుని మరీను.

ఎవరికీ చెప్పకు అంటావు, ఎవరికి చెప్తాన్రా? ఇక్కడ నా మాట వినేదెవరు? పిండి మిల్లు అల్లుడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. జన్మంతా మిల్లు చప్పుడులో అరిచినదాన్ని, ఇప్పుడు మెల్లగా మాట్లాడితే నా మాట నాకే వినపడటం లేదు. అమ్మాయి అంటుంది కదా, "అమ్మా, కూరలో ఉప్పు చాలిందా అని నువ్వు నన్నడిగితే పక్కింటావిడ చాలిందని చెప్తోంది, కాస్త తగ్గించు" అని. తగ్గిస్తే నాకు ఊపిరాడదు.

సరే, అంతమంది తోటలు తెలిసినవాళ్ళ మధ్య పడ్డావు కాబట్టి ఒక పని చేసిపెట్టు. నా టమాటా మొక్కల ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఎందుకో అడిగి రాయి. మరిచిపోయానన్నావంటే వచ్చి చెవి మెలేస్తాను.

ఆ స్థలం అడిగే నాటావా? అడగలేదని నాకు తెలుసు, ఊరికే అడిగాను. వెళ్ళి చెప్పు. వాళ్ళకి మొక్కలంటే ప్రాణం కదా, నీ పాదు చూశారంటే నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. నువ్వు చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో.

అక్క

జూలై 15

అక్కకి,

నీ టమాటాల సంగతి కాగితం మీద రాసి కార్యదర్శి గారి చేతిలో పెట్టాను. ఆయన ఎంతో సంతోషించి దాని మీద ఏకంగా ఒక ఉపన్యాసమే పెట్టించారు. ‘ఆకు: నిన్న, నేడు, రేపు’ అని. బాగా జరిగింది. టమాటా మాట రాలేదు. నువ్వు బూడిద చల్లి చూడు. పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది అంతే.

స్థలం సంగతి చెప్పమన్నావు. చెప్పాలనే వెళ్ళాను. హాల్లో వెనక గోడకి ఒక కిటికీ ఉంది. అది తీస్తే ఎదురుగా నా పాదే. కానీ దుమ్ము వస్తుందని తీయరు. మూసిన కిటికీ మీద పెద్ద పటం వేలాడదీశారు. దేని పటం అనుకున్నావు? ఆ వెనక స్థలందే. రంగులు వేసి, కొలతలు వేసి, ఎంతో అందంగా గీయించారు. ఏ ఆదివారమైనా కాస్త వేళ మిగిలితే దాని ముందు నిలబడి పుల్లతో చూపిస్తూ మాట్లాడుకుంటారు. "ఈ బీడు నేల మన సంఘానికే మచ్చ" అంటారు ప్లీడరు గారు. "అదొక ఎడారండీ" అంటారు గులాబీ మేడం. వేదిక మీది ప్లాస్టిక్ గులాబీలు ఆవిడ ఇచ్చినవే, అందుకే ఆవిణ్ణి అలా పిలుస్తారు. ఎడారిలో చిక్కుడు తీగ గోడెక్కింది అక్కా. సొరపాదు నేను కట్టిన పందిరి అందుకుంది. అంత నమ్మకంగా ఎడారి అంటుంటే కాదని ఎలా చెప్పను? మర్యాదగా ఉండదు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఏదైనా తీర్మానం చదివాక కార్యదర్శి గారు "అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి" అంటారు. అని, గ్లాసెత్తి మంచినీళ్ళు తాగుతారు. ఆయన గ్లాసు దించేలోపు ఎవరూ నోరెత్తకపోతే అందరికీ సమ్మతమే అని లెక్క. చప్పట్లు కొడతారు. సంఘం పుట్టాక ఇంతవరకూ ఒక్కరూ నోరెత్తలేదట. నాలాంటివాడికి ఇంతకంటే హాయైన పద్ధతి లేదు.

కాపడం పెట్టుకుంటున్నాను.

తమ్ముడు

ఆగస్టు 4

అక్కకి,

జరగకూడనిది జరిగింది. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

పాత అధ్యక్షులకి పువ్వుల పుప్పొడి పడదట, డాక్టరు ఇటు రావద్దన్నాడట. హాల్లో ఉన్నవి ప్లాస్టిక్ పువ్వులే కదా అని నేను అనలేదు. ఆ కుర్చీ ప్లీడరు గారికీ కావాలి, గులాబీ మేడంకీ కావాలి. ఒక సాయంత్రం ప్లీడరు గారు నా పక్కన కూర్చుని, "ఆవిడకి మొక్కల గురించి ఓనమాలు తెలీవండీ, మీరేమంటారు?" అన్నారు. నేను తలూపాను. తలూపకపోతే ఇంకాసేపు మాట్లాడతారని. ఆవిడ గుమ్మం దగ్గర ఆపి, "ప్లీడరు గారు కాఫీ గింజకీ కంది గింజకీ తేడా తెలీని మనిషి, మీకూ అలాగే అనిపిస్తోంది కదూ?" అన్నారు. తలూపాను. ఆదివారం నాడు ఆయనకి నేను తన మనిషిని, ఆవిడకి నేను తన మనిషిని. "ఈయనైతే నాకు సమ్మతమే" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. కార్యదర్శి గారు గ్లాసెత్తారు. నేను నోరు తెరిచే లోపల దించేశారు. ఆయన చాలా తొందరగా తాగుతారు.

అధ్యక్షుడు ఏం చేయాలని అడిగితే, మధ్య కుర్చీలో కూర్చుని సంతకాలు పెడితే చాలన్నారు.

పెట్టిన మొదటి సంతకం ఇది: వెనక ఉన్న ఖాళీ స్థలాన్ని చదును చేయించి, అక్కడ ఇంకా పెద్ద ఉపన్యాసాల హాలు కట్టాలి. ఇప్పుడున్న చోటు చాలడం లేదట. ప్రస్తుతానికి అనుకోవడమే, యంత్రం ఎప్పుడు తెప్పించేదీ తరవాత తీర్మానిస్తారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మధ్య కుర్చీలో ఉన్నాను కదా.

పాదుకి పిందెలు దిగాయి. పొద్దున్నే లేవగానే వెళ్ళడానికి నాకు ఈ ఊళ్ళో ఉన్న చోటు అదొక్కటే. అది కాస్తా పోతే మళ్ళీ వీధులు తిరగడమే. ఏం చేయాలో తోచడం లేదు. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు.

తమ్ముడు

ఆగస్టు 12

తమ్ముడికి,

నువ్వు మనిషివా, గోడకి కొట్టిన మేకువా? ఎవరు ఏం తగిలిస్తే అది మోయడమేనా? నీ పాదు పీకేయమని నువ్వే సంతకం పెట్టి, నువ్వే చప్పట్లు కొట్టి, ఏం చేయాలో తోచడం లేదని నాకు రాస్తావా? అమ్మాయి పక్కన లేకపోతే ఇక్కణ్ణుంచే అరిచేదాన్ని, అక్కడ వినపడేది.

అధ్యక్షుడివి కదా, వద్దని రాసి సంతకం పెట్టు. అంత పని నీవల్ల కాదని తెలుసు. అందుకే నేనే పూనుకున్నాను. దీంతో పాటే మీ కార్యదర్శికి ఒక ఉత్తరం వేశాను. కంగారు పడకు, నీ పేరు ఎత్తలేదు, నా పేరూ ఎత్తలేదు. "ఆ స్థలాన్ని నమ్ముకుని ఒక ముసలి ప్రాణం బతుకుతోంది, దాని జోలికెళ్తే మీకు పుట్టగతులుండవు" అని మాత్రం రాశాను. మర్యాదగానే రాశాను. మొక్కలంటే ప్రాణమున్నవాళ్ళు, ఆ మాత్రం అర్థం చేసుకుంటారు.

బూడిద చల్లాను. ముడుచుకున్న ఆకులు ముడుచుకునే ఉన్నాయి, పైగా నల్లబడ్డాయి. నువ్వు చెప్పిన వైద్యం నీలాగే ఉంది.

అక్క

ఆగస్టు 31

అక్కకి,

నీ ఉత్తరం అందింది. వాళ్ళకి రాసింది కూడా అందింది. కార్యదర్శి గారు సభలో పైకి చదివారు.

ఖాళీ స్థలంలో ఎవరో ముసలి దుండగుడు మకాం పెట్టాడని, వాడి వెనక ఒక ముఠా ఉందని ప్లీడరు గారు తేల్చారు. "అక్షరాలు చూడండి, కాగితం చిరిగేలా ఒత్తి రాశాడు. చంపడానికైనా వెనకాడడు" అన్నారు. గులాబీ మేడం బ్యాగు ఒళ్ళోకి తీసుకున్నారు. వెంటనే ఒక ఉపసంఘం వేశారు, ఆక్రమణదారుణ్ణి కనిపెట్టి వెళ్ళగొట్టడానికి. దానికీ అధ్యక్షుణ్ణి నేనే. గ్లాసు సంగతి నీకు తెలుసు.

ఉపసంఘం చాలాసార్లు కూర్చుంది. స్థలంలోకి ఇంకా వెళ్ళలేదు. గులాబీ మేడం చెప్పులు బురదకి పనికిరావు. ప్లీడరు గారు చట్టప్రకారం ముందు నోటీసు ఇవ్వాలన్నారు. ఆక్రమణదారుడి ఇల్లెక్కడో తెలియదు కాబట్టి హాలు వీధి తలుపుకి అంటించారు. గడువులోగా సామాను తీసుకుని వెళ్ళిపోవాలి, లేకపోతే తగిన చర్య. సంతకం నాదే. తప్పదు కదా అక్కా.

ఇంకా ఏమిటంటే, చిక్కుళ్ళు విపరీతంగా కాస్తున్నాయి. ఒక్కణ్ణి ఎన్ని తింటాను? సంచిలో వేసి కార్యదర్శి గారికిచ్చాను. ఆయన ఒకటి విరిచి చూసి, "ఎంత లేతగా ఉన్నాయండీ! ఏ కొట్లో కొన్నారు? ఈ రోజుల్లో ఇంత మంచి సరుకు ఎక్కడ దొరుకుతోంది?" అన్నారు. దగ్గరేనండీ అన్నాను. అడ్రసు రాసిమ్మన్నారు. మరిచిపోయినట్టు ఊరుకున్నాను.

తమ్ముడు

సెప్టెంబరు 8

తమ్ముడికి,

ఇలా రాయాల్సి వస్తుందని అనుకోలేదు. నిన్ను నోరులేనివాడివనుకున్నాను గానీ, గుండె లేనివాడివనుకోలేదు.

ఎవరో దిక్కులేని ముసలాయన ఆ మూల తలదాచుకుంటే, నీకేం అడ్డొచ్చాడురా? నీ పాదు పక్కన నాలుగడుగులు వదల్లేకపోయావా? నోటీసు అంటించావా? తగిన చర్యా? ఇంతకాలం చీకట్లో నిలబడ్డవాడివి, వెలుగులో కుర్చీ వేసేసరికి కళ్ళు నెత్తికెక్కాయా? నేను ఆ ఉత్తరం రాసింది నీకోసం, మధ్యలో పాపం ఆయనకి చుట్టుకుంది. ఆయనకి తిండి ఎలా? వానొస్తే ఎక్కడుంటాడు? అడిగావా అసలు?

అల్లుడు కూడా అన్నాడు, "మావయ్య అలాంటి మనిషి కాదే" అని. కుర్చీ ఎక్కితే ఎవరైనా అంతేనని నేనే చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పాక అన్నం సయించలేదు.

వెంటనే ఆ ముసలాయన్ని పిలిచి క్షమాపణ అడుగు. అడిగేదాకా నాకు ఉత్తరం రాయకు.

అక్క

సెప్టెంబరు 17

అక్కా,

ఆ ముసలాయన నేనే.

ఇంకెవరూ లేరు. తలదాచుకోవడం లేదు, గది ఉంది. నా పాదు తప్ప ఆ స్థలంలో ఏమీ లేదు. నువ్వు రాసిన ముసలి ప్రాణాన్ని పట్టుకోవడానికే ఉపసంఘం వేశారు. నాకు నేనే నోటీసు ఇచ్చుకున్నాను. నీకు అర్థమవుతుందనుకున్నాను. అల్లుడికి కూడా చెప్పు.

నీ ఉత్తరం చదివాక నాకూ సయించలేదు. ఇక చెప్పేద్దామని నిశ్చయించుకుని ఆదివారం వెళ్ళాను. ఆ రోజే అందరూ స్థలం చూడ్డానికి బయలుదేరుతున్నారు, గడువు దాటినా దుండగుడు జవాబివ్వలేదని. గొడుగులు పట్టుకున్నారు, ఒకాయన ఈల తెచ్చుకున్నాడు. బీరువా తాళం తీసి పార బయటికి తెచ్చారు, వాడు మీద పడితే కొట్టడానికి. ప్లీడరు గారు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. నన్ను ముందు నడవమన్నారు, అధ్యక్షుణ్ణి కదా.

కూలిన గోడ దాటి లోపలికెళ్ళాం. పందిరి నిండా కాయలు వేలాడుతున్నాయి. చిక్కుడు గోడంతా కమ్మేసింది. అంత గొప్పగా ఏం లేదులే, ఆకులకి పురుగు పట్టింది, కాయలు కొన్ని వంకర. అయినా వాళ్ళు గుడ్లప్పగించి చూశారు. గులాబీ మేడం ఒక సొరకాయని గోటితో గీరి, "ఇది నిజందేనా?" అన్నారు. నిజందేనండీ అన్నాను. చేతికి జిగురు తగిలితే భయపడి చీరకి తుడుచుకున్నారు.

"ఎంత తెగింపండీ!" అన్నారు ప్లీడరు గారు. "పందిరి కూడా వేశాడు! దీన్ని శాశ్వత నిర్మాణం అంటారు చట్టంలో."

"మన స్థలంలో, మన కళ్ళెదుట!" అన్నారు కార్యదర్శి గారు. "ఎవడు వాడు?"

అప్పుడు చెప్పాను అక్కా. పైకే చెప్పాను. "నేనేనండి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. కార్యదర్శి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా రెండు చేతులూ పట్టుకుని, "విన్నారా! తన హయాంలో జరిగింది కాబట్టి తప్పు తన మీద వేసుకుంటున్నారు. ఈ కాలంలో ఇలాంటి అధ్యక్షుడు ఎక్కడుంటాడు?" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఈల తెచ్చినాయన ఈల వేశాడు. కాదండీ, నిజంగా నేనే, గరిటెతో తవ్వాను అన్నాను. "అబ్బ, ఎంత వినయం!" అన్నారు గులాబీ మేడం.

తిరిగి వచ్చి టీ తాగారు. యంత్రం వాడికి కబురు పెట్టేశారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆఖరి తీర్మానం, మర్నాడు పొద్దున్నే చదును.

చెప్తే సరిపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెప్పడమే కష్టమనుకున్నాను.

తమ్ముడు

సెప్టెంబరు 25

తమ్ముడూ,

నీ మొదటి వాక్యం చదివి కుర్చీలో కూలబడ్డాను. తరవాత నవ్వాను. తరవాత నిన్ను అన్న మాటలన్నీ గుర్తొచ్చి లోపలికెళ్ళి పడుకున్నాను. అల్లుడు "నేను అప్పుడే అన్నాను కదా అత్తయ్యా" అని రెండు రోజుల నుంచి ఇల్లంతా తిరుగుతున్నాడు. వాడికి పండగ.

మనిద్దరం కలిసి పని పాడుచేశాం. నువ్వు చెప్పాల్సిన చోట చెప్పలేదు, నేను చెప్పకూడని చోట చెప్పాను. నా ఉత్తరమే లేకపోతే వాళ్ళు ఇంకో పదేళ్ళు పటం ముందే నిలబడి ఉండేవాళ్ళు.

ఒక్క మాట విను. "నేనే" అన్నావు, బాగుంది. కానీ అది వాళ్ళకి నీ గొప్పగా వినపడింది. నువ్వు అనాల్సింది అది కాదు, "వద్దు" అని. ఆ మాట నీకు పుట్టుకతోనే లేదు. చిన్నప్పుడు నీ పలక పక్కవాడు లాక్కుంటే, బలపం కూడా వాడి చేతిలో పెట్టి వచ్చావు. ఆ బలపం కోసం నేను వాళ్ళింటికెళ్ళి పోట్లాడాను. ఇప్పుడు రాలేను, మెట్లు దిగలేను. నీ కాళ్ళ మీద నువ్వే నిలబడు, మోకాలు నొప్పైనా సరే.

ఆ పాదు పోయినా నువ్వు నాకు తమ్ముడివే. కానీ పోకూడదు.

అక్క

అక్టోబరు 9

అక్కకి,

ఆదివారం మధ్య కుర్చీలో కూర్చున్నాను. తీర్మానం చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని కార్యదర్శి గారు గ్లాసెత్తారు. నేను "వద్దు" అన్నాను.

చాలా చిన్నగా వచ్చింది. అయినా పక్కనే కదా, ఆయనకి వినపడింది. నీళ్ళు పొలమారాయి. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే ప్లీడరు గారు వీపు మీద చరిచారు. "ఏమన్నారు?" అని వెనకనుంచి ఎవరో. "వద్దన్నారట." "ఎవరు?" "అధ్యక్షులే!" "అలా ఎలా అంటారు?"

నేను తప్పు చేశానేమోనని లేచి నిలబడ్డాను. ఎవరూ నన్ను తిట్టలేదు. వాళ్ళ కంగారు వేరు. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు కాబట్టి, వద్దంటే ఏం చేయాలో నియమాల్లో లేదు. సభ జరిగిన తీరు రాసే కాగితాల మీద ‘సభ్యులందరి సమ్మతితో’ అని ముందే అచ్చు వేయించారట, బోలెడు మిగిలి ఉన్నాయట. కొట్టేసి రాస్తే కాగితం పాడవుతుందని కోశాధికారి ఒప్పుకోలేదు. ప్లీడరు గారు మాత్రం హుషారయ్యారు. అభ్యంతరం అంటే ఏమిటి, అది ఎన్ని రకాలు, అధ్యక్షుడు తన సభకి తానే అభ్యంతరం చెప్పవచ్చా అని వరసగా ఉపన్యాసాలు పెడదామన్నారు. అందరికీ నచ్చింది. పొద్దుపోయింది. తీర్మానం అయినట్టూ కాదు, కానట్టూ కాదు. టీ తాగి వెళ్ళిపోయారు.

యంత్రం వాడికి రావద్దని చెప్పడం ఎవరికీ గుర్తులేదు. ఎవరికి వాళ్ళు ఇంకొకరు చెప్తారనుకున్నారు.

మర్నాడు పొద్దున నేను పాదుకి నీళ్ళు పోస్తుంటే సందులో పెద్ద చప్పుడు. పసుపు రంగు యంత్రం, ముందు ఇంత తొట్టి. కూలిన గోడ మీంచి ఎక్కించేస్తున్నాడు. నేను పరుగెత్తలేను కదా, నడిచి వెళ్ళి దాని ఎదురుగా నిలబడ్డాను. డ్రైవరు పైనుంచి తల బయటపెట్టి, "జరుగు పెద్దాయనా! ఇక్కడ పెద్ద ఎవరు?" అని అరిచాడు.

"నేనే" అన్నాను.

"ఏంటీ?"

"నేనే!"

"తవ్వమన్నది మీరేనా?"

"నేనే!"

"మరి ఈ పాదు ఎవరిది?"

"అదీ నాదే!"

వాడు తల గోక్కున్నాడు. "ఇప్పుడేం చేయమంటారు?"

"వద్దు!"

"వినపడట్లా!"

"వద్దు! వద్దన్నాను! వెనక్కి తీసుకెళ్ళు! వద్దూ!"

సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. హాలు వెనక కిటికీ కూడా, పటం పక్కకి జరిపి ఎవరో చూశారు. అక్కా, అంత గొంతు నాలో ఉందని నాకు తెలియదు. మన ఇంట్లో అది నీ ఒక్కదానికే వచ్చిందనుకున్నాను.

వాడు ఇంజను ఆపాడు. "అంతలా అరుస్తారెందుకండీ? ఇది మీది, మీరు వద్దన్నారు, అయిపోయింది" అన్నాడు. కిందికి దిగి పాదంతా చూశాడు. ఒక సొరకాయ కోసిచ్చాను. మా ఆవిడ సంతోషిస్తుంది అన్నాడు. వెనక్కి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్తూ చిక్కుడు తీగ కొంచెం తెంపాడు. మళ్ళీ చిగురిస్తుంది.

ఆ అరుపుకి గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట రావడం లేదు. డాక్టరు చూసి, కొన్నాళ్ళు ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదన్నాడు. ఈ సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది. సంఘం వాళ్ళకీ తెలిసింది. ఎవరు ఎదురైనా చేత్తోనే పలకరించి వెళ్ళిపోతున్నారు, జవాబు చెప్పమని ఆగడం లేదు. పొద్దున్నే వెళ్ళి పాదు కింద కూర్చుంటున్నాను.

చాలా హాయిగా ఉంది.

తమ్ముడు